బాఖ్ ‘ఇఖ్ రూఫ్ త్సు డీర్’: సొంత స్కోరు తయారు చేసుకొని వాయించడం గురించి

ముందుగా మీ ప్రశ్న సారాంశం, తర్వాత చదివేవాళ్ల కోసం. మీరు గుంటూరు లూథరన్ చర్చిలో హార్మోనియం, కీబోర్డు వాయిస్తూ పెరిగారు. ఇప్పుడు ఉద్యోగం కోసం జర్మనీలో ఉన్నారు. దగ్గరలోని చర్చివాళ్లు పనిదినాల్లో సాయంత్రం రెండు మాన్యువళ్ల (చేతి కీబోర్డుల) చిన్న పైప్ ఆర్గన్ మీద సాధన చేసుకోనిస్తున్నారు. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన చిన్న కోరల్ ప్రెల్యూడ్ (చర్చి కీర్తన బాణీ మీద అల్లిన ఆర్గన్ ముక్క) ‘ఇఖ్ రూఫ్ త్సు డీర్, హెర్ యేసు క్రిస్ట్’ (బాఖ్ రచనల జాబితా బీడబ్ల్యూవీలో 639) నేర్చుకుందామని రెండు స్కోర్లు దించుకున్నారు. ఒకదాని నిండా స్లర్లు (స్వరాలని కలిపి వాయించమనే వంపు గీతలు), వేళ్ల నంబర్లు, పెంచు-తగ్గించు గుర్తులు. రెండోదాంట్లో దాదాపు ఏమీ లేవు. అలంకారాలు కూడా రెండింట్లో ఒకలా లేవు. మ్యూజ్‌స్కోర్ అనే స్కోరు రాసే సాఫ్ట్‌వేర్‌లో మీకంటూ ఒక శుభ్రమైన ప్రతి చేసుకోవాలనుకుంటున్నారు. దేన్ని నమ్మాలి, ట్రిల్ (పక్క స్వరంతో మార్చి మార్చి త్వరగా కొట్టే అలంకారం) ఎలా వాయించాలి, ఎంత వేగం, ఏ స్టాపులు (ఏ పైపుల వరుస మోగాలో ఎంచే పిడులు) అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఏ స్కోరులోనైనా బాఖ్ రాసింది ఏది, తర్వాతివాళ్లు చేర్చింది ఏది అని విడదీయగలిగితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం, మీరు చేర్చేవి మీరు చేర్చినట్టుగా కనిపించాలి. ఒక్క పేజీ ముక్కే కదా, అంత అవసరమా అనుకోకండి. ఒక్క పేజీ కాబట్టే ఈ పని పూర్తిగా, ఓపిగ్గా చేయగలరు. పైగా ప్రతి గుర్తు దగ్గరా ‘ఇది ఉంచాలా, తీసేయాలా’ అని మీరు ఆలోచించే క్షణమే ‘దీన్ని ఎలా వాయించాలి’ అని ఆలోచించే క్షణం కూడా. నేను నేర్పేటప్పుడు ఎడిటింగుని, వాయించడాన్ని రెండు వేరు పాఠాలుగా ఎప్పుడూ పెట్టను.

స్కోరు తెరిచే ముందు పాట నేర్చుకోండి. కోరల్ అంటే లూథరన్ సంఘం అంతా కలిసి పాడే కీర్తన. ఈ పాట మాటలు యోహాన్ అగ్రికోలావి. బాణీ 1533లో విట్టెన్‌బర్గ్‌లో యోసెఫ్ క్లూగ్ అచ్చువేసిన కీర్తనల పుస్తకంలో కనిపిస్తుంది. అంటే బాఖ్ చేతికి వచ్చేసరికే దాని వయసు దాదాపు రెండు వందల ఏళ్లు. అతని ముందు కూర్చున్న సంఘానికి అది కంఠతా వచ్చు. మొదటి చరణం భావం సుమారుగా ఇది: ‘ప్రభువా యేసు క్రీస్తూ, నిన్నే పిలుస్తున్నాను, నా మొర ఆలకించమని వేడుకుంటున్నాను. ఈ సమయంలో నాకు కృప ఇవ్వు, నన్ను నిరాశలో పడనివ్వకు. నిజమైన విశ్వాసాన్ని నాకు ఇవ్వు, నీ కోసం బ్రతకడానికి, నా పొరుగువాడికి పనికి రావడానికి, నీ మాట నిలబెట్టుకోవడానికి.’ చరణానికి తొమ్మిది పంక్తులు. మొదటి రెండు పంక్తుల బాణీయే మూడు, నాలుగు పంక్తులకి మళ్లీ వస్తుంది. స్కోరులో మొదటి భాగానికి రిపీట్ గుర్తు ఉండటానికి కారణం ఇదే. తర్వాత అయిదు పంక్తులకి కొత్త బాణీ. వాటిలో ఏడోది, ‘నీ కోసం బ్రతకడానికి’ అనే పంక్తి, చాలా పొట్టిది. జర్మన్‌లో నాలుగే అక్షరాలు.

ఈ పంక్తుల లెక్క మీ స్కోరులో పెన్సిల్‌తో రాసుకోండి. కుడి చేతి రాగం మీద ఏ స్వరం దగ్గర ఏ పంక్తి మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో గుర్తు పెట్టండి. చాలామంది ఇది వదిలేసి సరాసరి వేళ్ల దగ్గరికి వెళ్తారు. అప్పుడు రాగం ఎక్కడా ఊపిరి తీసుకోకుండా ఒక పొడవాటి తీగలా సాగిపోతుంది, వినేవాళ్లకి పాట తెలియదు. జర్మనీలోనే ఉన్నారు కాబట్టి మీకు ఒక సౌకర్యం ఉంది. ఆ చర్చిలో ఉన్న కీర్తనల పుస్తకంలో ఈ పాట ఉందేమో చూడండి, ఉంటే ఆర్గనిస్టుని ఒకసారి పాడి వినిపించమనండి. లేదా బాఖ్‌దే కాంటాటా (గాయకులు, వాద్యాలు కలిసే రచన) 177 వినండి. 1732లో రాసింది, ఇదే పాట అయిదు చరణాలూ మాటలు మార్చకుండా వాడాడు. మాట ఎక్కడ ఆగుతుందో చెవికి ఎక్కాక స్కోరు చాలా తేలిగ్గా కనిపిస్తుంది.

ఇక మూలం సంగతి. ఈ ముక్క ‘ఓర్గెల్‌బ్యూఖ్‌లైన్’, అంటే చిన్న ఆర్గన్ పుస్తకం అనే సంకలనంలోది. బాఖ్ వైమార్ ఆస్థానంలో ఆర్గనిస్టుగా ఉన్న కాలంలో (1708–1717) ఎక్కువ భాగం రాశాడు. 164 కోరళ్లకి ఖాళీ పేజీలు పెట్టి పేర్లు రాసుకున్నాడు, పూర్తయినవి 46 ప్రెల్యూడ్లు. తర్వాత క్యోథెన్‌లో ఉన్నప్పుడు ముఖపత్రం రాస్తూ, నేర్చుకునే ఆర్గనిస్టుకి కోరల్‌ని రకరకాలుగా పెంచడం తెలియాలని, పెడల్ (కాళ్లతో వాయించే కీబోర్డు) అభ్యాసం కుదరాలని, ఇందులో పెడల్ తప్పనిసరి అని స్పష్టంగా పెట్టాడు. పుస్తకమే విద్యార్థి కోసం. మీలాంటివాళ్ల కోసమే అన్నమాట.

అతని చేతిరాత ప్రతి బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో పీ 283 అనే నంబరుతో ఉంది. ‘బాఖ్ డిజిటల్’ వెబ్‌సైట్‌లో ప్రతి పేజీ ఉచితంగా, పెద్దది చేసుకొని చూడొచ్చు. ఈ సౌకర్యం మా తరం నేర్చుకునే రోజుల్లో లేదు. దయచేసి వాడుకోండి. మొదట ఆ పేజీ చూడండి, తర్వాతే మీ రెండు పీడీఎఫ్‌లు తెరవండి.

మీ స్కోర్లు ఏవో పేర్లు చెప్పలేదు. కానీ ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఉచిత స్కోర్ల వెబ్‌సైట్‌లో దొరికేవి ఎక్కువగా మూడు రకాలు. ఒకటి, 1840ల పేటర్స్ ఎడిషన్, గ్రీపెన్‌కెర్ల్ వాళ్లది. ఇందులో ఈ సంకలనాన్ని విడదీసి అక్షర క్రమంలో పెట్టారు. అందుకే బాఖ్ పెట్టిన వరుస, చర్చి సంవత్సరం ప్రకారం నడిచే వరుస, అందులో కనపడదు. రెండోది 1878లో బాఖ్ గెజెల్‌షాఫ్ట్ (బాఖ్ సంఘం) తరఫున విల్హెల్మ్ రుస్ట్ చేసిన సంపుటం. ఇది శుభ్రంగా ఉంటుంది, మొదలుపెట్టడానికి మంచిది. మూడోది ఇరవయ్యో శతాబ్దపు బోధనా ఎడిషన్లు, మార్సెల్ డ్యూప్రే చేసినటువంటివి. ప్రతి స్వరానికి వేలు నంబరు, పూర్తి లెగాటో (మధ్యలో సందు లేకుండా కలిపి వాయించడం). డ్యూప్రే గొప్ప వాద్యకారుడు. ఆ గుర్తులు అతని పారిస్ పద్ధతిని చాలా నిజాయితీగా చూపిస్తాయి. వైమార్‌లో బాఖ్ వేళ్లు ఎలా కదిలాయో అవి చెప్పవు. మీ స్కోర్లలో నిండుగా ఉన్నది ఇలాంటిదే అయ్యుంటుంది. ఇవన్నీ కాకుండా ‘నోయె బాఖ్ ఆవుస్‌గాబె’ (కొత్త బాఖ్ సంపుటాలు)లో లోలైన్ 1983లో చేసిన ఎడిషన్ ఉంది. దాన్ని మీ ఊరి సంగీత లైబ్రరీలో అడగండి. జర్మనీలో చిన్న ఊళ్లలో కూడా దొరికే అవకాశం ఉంది.

పెంచు, తగ్గించు గుర్తులు ఎక్కడ కనిపించినా కొట్టేయండి. అక్కడ ఆలోచించాల్సింది ఏమీ లేదు. బాఖ్ ఆర్గన్‌లో ఒక స్టాపు పెట్టాక మీట గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా శబ్దం ఎత్తు మారదు. హార్మోనియంలో బెలోస్‌తో శబ్దాన్ని పెంచడం అలవాటైన మీకు మొదట్లో ఇది కష్టంగా ఉంటుంది. ఆ భావం అంతా ఆర్గన్‌లో సమయంలోకి వెళ్తుంది. స్వరం ఎంతసేపు పట్టాలి, రెండు స్వరాల మధ్య ఎంత నిశ్శబ్దం వదలాలి అన్నదే ఇక్కడ మీ చేతిలో ఉన్న సాధనం.

చేతిరాత నుంచి టైపు చేసేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త. ఒకటి క్లెఫ్, అంటే ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు. కుడి చేతికి బాఖ్ సొప్రానో క్లెఫ్ వాడాడు, కింది గీత మీద ‘సి’. మనకి అలవాటైన ట్రెబుల్ క్లెఫ్ అనుకొని చదివితే అన్నీ ఒక థర్డ్ పైకి పోతాయి. మ్యూజ్‌స్కోర్‌లో ముందు సొప్రానో క్లెఫ్ పెట్టి, చూసింది చూసినట్టు ఎక్కించి, చివర్లో క్లెఫ్ మార్చండి. స్వరాలు వాటంతట అవే కొత్త గీతల మీదికి సర్దుకుంటాయి.

రెండోది ఫ్లాట్లు, నాచురళ్లు (స్వరాన్ని అర మెట్టు దించే గుర్తులు, ఆ దించడాన్ని రద్దు చేసే గుర్తులు). ఇక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ఇప్పుడు మనం బార్‌లో (రెండు నిలువు గీతల మధ్య భాగంలో) ఒకసారి గుర్తు పెడితే ఆ బార్ చివరి దాకా అది పనిచేస్తుంది. ఆ కాలంలో గుర్తు సాధారణంగా పక్కనున్న స్వరానికే. వెంటనే అదే స్వరం మళ్లీ వస్తే దానికీ వర్తించొచ్చు, అంతే. కాబట్టి ఒక బార్‌లో రెండో సారి గుర్తు లేకుండా అదే స్వరం కనిపిస్తే, అది కీ సిగ్నేచర్‌కి (వరుస మొదట్లో పెట్టే ఫ్లాట్ల గుర్తులకి) తిరిగి వచ్చిందా, బాఖ్ చెప్పకుండా వదిలేశాడా అని స్వరసందర్భం చూసి మీరే నిర్ణయించాలి. ఇంకో సంగతి కూడా ఉంది. అప్పట్లో మైనర్ కీలకి ఒక ఫ్లాట్ తక్కువ రాయడం మామూలు. బాఖ్‌దే జి మైనర్ సోలో వయొలిన్ సొనాటా ఒక్క ఫ్లాట్‌తోనే రాసి ఉంటుంది. మన ముక్క ఎఫ్ మైనర్. ఒక స్కోరులో మూడు ఫ్లాట్లు, ఇంకో దాంట్లో నాలుగు కనిపిస్తే టెన్షన్ పడకండి. ఒకటి పాత అలవాటు, ఇంకోటి కొత్త అలవాటు. కానీ మీరు నాలుగు పెట్టుకుంటే ప్రతి ‘డి’ దగ్గరా ఆగి, ఇక్కడ ఫ్లాటా నాచురలా అని మూలంతో సరిపోల్చి చూసుకోవాలి. మీరు చేర్చే గుర్తుని స్వరం పక్కన కాకుండా పైన చిన్న సైజులో పెట్టండి.

మూడోది బీమ్‌లు (చిన్న స్వరాల తోకలని కలిపే గీతలు), వరుసలు. ఆ చిన్న పుస్తకంలో బాఖ్ ఎక్కువగా రెండు వరుసల మీదే అంతా సర్దాడు. చోటు చాలనప్పుడు కొన్ని పేజీల అడుగున అక్షరాలతో రాసే జర్మన్ టాబులేచర్‌లోకి కూడా వెళ్లాడు. మనం మూడు వరుసలు పెట్టుకోవడమే మంచిది: కుడి చేయి, ఎడమ చేయి, పెడల్. అయితే సాఫ్ట్‌వేర్ తనకి తోచినట్టు బీమ్‌లు కలిపేస్తుంది. అలా వదిలేయకండి. రాసినవాడు ఏ స్వరాలని ఒక గుంపుగా చూశాడో బీమ్ చెప్తుంది. చేతిరాతలో విడిగా ఉంటే మీరు కూడా విడిగానే ఉంచండి.

స్లర్ల సంగతి: చేతిరాతలో ఉన్నది మామూలు గీతతో, మీరు చేర్చింది చుక్కల గీతతో. మ్యూజ్‌స్కోర్‌లో స్లర్ ఎంచుకొని ప్రాపర్టీస్‌లో లైన్ స్టైల్ మారిస్తే చాలు. మీరు చేర్చిన ట్రిల్, మోర్డెంట్ లాంటి అలంకారాల గుర్తులకి చదరపు బ్రాకెట్లు పెట్టండి. ఏదైనా చోట మూలం అస్పష్టంగా ఉండి ఒక నిర్ణయం తీసుకుంటే పేజీ అడుగున ఒక్క ముక్క రాయండి. ఏ బార్, ఏ చేయి, ఎన్నో బీట్, మూలంలో ఏముంది అని. మొత్తం అయిపోయాక ఒక్కో వరుసని విడిగా ప్లే చేసి వినండి. తప్పు స్వరం చెవికి వెంటనే తెలుస్తుంది. టై (ఒకే స్వరాన్ని పొడిగించే వంపు గీత) మర్చిపోతే మాత్రం ఒక్కోసారి తెలియదు, అది కళ్లతోనే వెతకాలి. ఎ4 కాగితం అడ్డంగా పెడితే ముక్కంతా ఒక పేజీలో సరిపోతుంది, పేజీ తిప్పే పని ఉండదు.

ఇప్పుడు వాయించడం. ఈ సంకలనంలో మూడే స్వరవరుసలతో నడిచే ప్రెల్యూడ్ ఇదొక్కటే, మిగతావన్నీ ఇంతకన్నా దట్టంగా ఉంటాయి. కుడి చేతిలో అలంకరించిన పాట, ఎడమ చేతిలో ఆగకుండా సాగే పదహారో వంతు స్వరాలు, పెడల్‌లో నిలకడైన ఎనిమిదో వంతులు. ఇంత తక్కువ సామగ్రి కావడం వల్ల ఏ లోపమూ దాక్కోదు.

తాకే పద్ధతి ముందు స్థిరపరచుకోండి. 1755లో మార్పుర్గ్ అనే జర్మన్ రచయిత రాసిన కీబోర్డు పుస్తకం ప్రకారం మామూలు వాయింపు లెగాటో కాదు, స్టకాటో (తెంపి తెంపి వాయించడం) కూడా కాదు. తర్వాతి మీట నొక్కడానికి కొంచెం ముందు ఈ మీట వదలాలి. బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయెల్ 1753లో రాసిన పుస్తకం కూడా ఆ దిశలోనే ఉంటుంది. స్లర్ గుర్తు ఉన్నచోట మాత్రం కలపాలి. దీన్ని ఒక కొలతగా పట్టుకోవద్దు. ఆ సందు ఎంత ఉండాలో మీరు కూర్చున్న గది చెప్తుంది. రాతి చర్చిలో శబ్దం తర్వాత కాసేపు నిలుస్తుంది, అక్కడ సందు పెద్దదిగా ఉండాలి. ఇంట్లో డిజిటల్ ఆర్గన్ మీద హెడ్‌ఫోన్‌తో అదే సందు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. అందుకే ఇంట్లో కుదిరిన వాయింపుని చర్చికి అలాగే తీసుకెళ్లకండి. కన్సోల్ (కూర్చొని ఆర్గన్ వాయించే చోటు) దగ్గర వినిపించేది, వెనక బెంచీల్లో వినిపించేది కూడా ఒకటి కాదు.

ఎడమ చేతి పదహారో వంతులు విడిగా విరిచిన కార్డులు (కలిసి మోగే స్వరాల గుంపులు). ప్రతి నాలుగింటిలో మొదటి స్వరాన్ని వెంట్రుకవాసి ఎక్కువ సేపు పట్టుకోండి, నాలుగోదాన్ని కొంచెం తేలిగ్గా వదలండి. గుంపు గుంపుగా వినిపిస్తుంది కానీ కొట్టినట్టు ఉండదు. నాలుగూ సరిసమానంగా వాయిస్తే యంత్రం నడిచినట్టుంటుంది. ఈ చేతిని నేర్చుకోవడానికి మొదట విరిచిన స్వరాలు నాలుగూ ఒకేసారి కార్డుగా నొక్కి, కార్డులు మాత్రమే వాయించుకుంటూ ముక్క చివరిదాకా వెళ్లండి. చర్చి కీబోర్డులో కార్డులు వాయించిన అలవాటు మీకు ఇక్కడ బాగా పనికొస్తుంది. స్వరసమూహం ఎక్కడ మారుతోంది, ఎక్కడ అపస్వరం వచ్చి ఎక్కడ తీరుతోంది అన్నది చేతికి తెలిశాక వాటిని విడదీసి వాయించడం కష్టం కాదు.

పెడల్‌లో ఒకే స్వరం వెంటవెంటనే వచ్చే చోట్లు చాలా ఉన్నాయి. ఒకే స్వరాన్ని రెండుసార్లు వినిపించాలంటే మధ్యలో నిశ్శబ్దం ఉండి తీరాలి. ఆ నిశ్శబ్దం మొదటి స్వరం నుంచి తీసుకోవాలి, రెండోది ఆలస్యం కాకూడదు. డ్యూప్రే బడిలో సరిగ్గా సగం కోసేస్తారు. నాకు ఈ ముక్కలో అది ఎండిపోయినట్టు అనిపిస్తుంది, సగం కన్నా తక్కువే కోయండి. జంటగా వచ్చే రెండు స్వరాలకీ ఒకే కాలి వేళ్లు వాడి, స్వరం మారినప్పుడు రెండో కాలికి మారితే జంటలు సహజంగా వినిపిస్తాయి. మడమ అవసరం లేదు. సన్నని అడుగు, పలుచని సోల్ ఉన్న బూట్లు వేసుకోండి. వట్టి సాక్సులతో మొదలుపెడితే జారే అలవాటు పడుతుంది. పెడల్‌ని ఎవరూ నేపథ్యం అనుకోవద్దు. పాటకి అడుగున నడిచే నడక అది, మొత్తం వేగాన్ని మోసేది అదే.

కుడి చేతి అలంకారాల దగ్గర మన సంగీతం తెలిసినవాళ్లకి ఒక దారి ఉంది. త్యాగరాజ కృతిలో పల్లవి మొదట సాదాగా పాడి, తర్వాత ఒక్కో సంగతి వేస్తూ పోతాం. ఎంత దూరం వెళ్లినా అసలు పల్లవి చెవిలో ఉంటుంది. ఇక్కడ బాఖ్ సాదా పల్లవి పాడకుండా సరాసరి సంగతి దగ్గరే మొదలుపెట్టాడు, ఎందుకంటే సంఘానికి పల్లవి ముందే తెలుసు. కాబట్టి మీరు ఇంట్లో ఒక వారం కోరల్ సాదా బాణీనే కుడి చేత్తో వాయించి, ఎడమ చేయి, పెడల్ మామూలుగా రాసినట్టు కలపండి. ఆ తర్వాతే రాసిన చిన్న స్వరాలు చేర్చండి. అప్పుడు ఏ స్వరం పాటదో, ఏది దాని చుట్టూ తిరిగే అలంకారమో వేళ్లకి తెలుస్తుంది. అలంకారాలు తేలిగ్గా, పాట స్వరాలు నిలకడగా వస్తాయి.

ట్రిల్ పై స్వరం నుంచి, బీట్ మీదే మొదలుపెట్టండి. ఇది నా ఇష్టం కాదు. 1720లో పెద్ద కొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం మొదలుపెట్టిన పుస్తకంలో బాఖ్ ఒక చిన్న పట్టిక రాసి, ఏ గుర్తుని ఎలా వాయించాలో స్వరాలతో విడమరిచాడు. అందులో ట్రిల్ పై స్వరంతో మొదలవుతుంది, మోర్డెంట్ కింది స్వరాన్ని ఒకసారి తాకి వెనక్కి వస్తుంది. ఆ పట్టిక ఒక్కటి మీ స్కోరు పక్కన అతికించుకోండి. మెల్లగా సాగే ముక్క కాబట్టి ట్రిల్ కూడా నెమ్మదిగా మొదలై కొంచెం వేగం అందుకోవచ్చు. ఎన్నిసార్లు కొట్టాలి అన్న లెక్క కన్నా, ఎప్పుడు ఆగి స్వరం మీద నిలబడాలి అన్నది ముఖ్యం.

రిపీట్‌లో కొత్త అలంకారాలు చేర్చొచ్చా అంటే, ఈ ముక్కలో చాలా తక్కువ. మిగతా స్వరకర్తలు వాద్యకారుడికి వదిలేసే అలంకారాలన్నీ బాఖ్ స్వరాలుగా రాసేస్తున్నాడని 1737లో షైబె అనే విమర్శకుడు తప్పు పట్టాడు. తప్పుపట్టినా, జరిగింది మాత్రం అదే. అలంకారం ఇక్కడ ముందే రాసి ఉంది. రిపీట్ మాత్రం వదలకండి. రెండోసారి అదే రాగం ‘నన్ను నిరాశలో పడనివ్వకు’ అనే మాటల మీద వస్తుంది. మొదటిసారి కన్నా పంక్తి చివర కొంచెం ఎక్కువ ఊపిరి ఇస్తే చాలు, తేడా వినిపిస్తుంది. పొట్టి ఏడో పంక్తి దగ్గర చాలామంది తొందరపడి ఎనిమిదోదానిలోకి దొర్లిపోతారు. దాని తర్వాత కుడి చేయి ఊపిరి తీసుకుంటుంది, ఎడమ చేయి మాత్రం ఆగదు. ఈ రెండూ ఒకేసారి చేయడమే ఈ ముక్కలో అసలైన కష్టం.

వేగానికి బాఖ్ ఏ గుర్తూ పెట్టలేదు. పియానిస్టు బుసోని పియానోకి మార్చిన రూపంలో వినీ వినీ చాలామంది దీన్ని చాలా మెల్లగా వాయిస్తారు. పియానో స్వరం నొక్కగానే తగ్గుతూ పోతుంది కాబట్టి అక్కడ ఆ మెల్లదనానికి ఒక అందం ఉంది. ఆర్గన్ స్వరం తగ్గదు, అంత మెల్లగా పోతే బరువెక్కుతుంది. ఒక పంక్తిని మామూలు గొంతుతో ఒక ఊపిరిలో పాడగలిగే వేగం మీ వేగం. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు మనసులో ఒక పంక్తి పాడుకోండి.

స్టాపుల గురించి కూడా బాఖ్ ఇక్కడ ఏమీ రాయలేదు, రెండు మాన్యువళ్లు, పెడల్ అని మాత్రమే ఉంది. ఈ సంకలనంలో స్టాపుల పేర్లు రాసింది ‘గాట్, డుర్ఖ్ డైనె గ్యూటె’ (బీడబ్ల్యూవీ 600)లో మాత్రమే. చిన్న ఆర్గన్ మీద నేను చేసేది చెప్తాను. కుడి చేతికి ప్రిన్సిపాల్ 8 (అంకె పైపు పొడవు, అడుగుల్లో) ఒక్కటే, మంచి ట్రెములాంట్ (స్వరాన్ని వణికించే స్టాపు) ఉంటే దానితో. ఎడమ చేతికి గెడాక్ట్ లేదా ఫ్లూట్ 8. పెడల్‌కి సుబ్‌బాస్ 16, దానితో ఒక మెత్తని 8. ఒట్టి 16 అయితే స్వరం గుర్తు పట్టలేనంత అస్పష్టంగా ఉంటుంది. సెస్‌క్వియాల్టెరా అనే పదునైన స్టాపు వాడేవాళ్లున్నారు. పాట స్పష్టంగా వినిపిస్తుంది గానీ, ఈ మొరకి ఆ పదును నాకు నచ్చదు. మీ పెడల్‌కి సొంత 8 లేక కప్లర్ పెట్టాల్సి వస్తే ఒకటి గమనించండి. ఎడమ చేతి మాన్యువల్‌ని పెడల్‌కి కలిపితే, రెండూ ఒకే మీట దగ్గర కలిసిన చోట ఎడమ చేతి స్వరం మింగబడుతుంది. అలాంటి చోట్లు ముందే స్కోరులో గుర్తు పెట్టుకోండి.

ఆ ఆర్గన్ ఏ శ్రుతి పద్ధతిలో ఉందో కూడా అడగండి. పాత మీన్‌టోన్ పద్ధతిలో ఉంటే ఎ ఫ్లాట్, డి ఫ్లాట్ స్వరాలే ఉండవు, వాటి చోట జి షార్ప్, సి షార్ప్ ఉంటాయి. ఎఫ్ మైనర్ భరించలేనట్టుంటుంది. వెర్క్‌మైస్టర్ లాంటి పద్ధతిలో ఉంటే అన్ని కీలూ వాయించొచ్చు, ఎఫ్ మైనర్ మాత్రం కాస్త గరుకుగా, ఒత్తిడిగా వినిపిస్తుంది. ఈ పాటకి అది చాలా బాగుంటుంది. ఇంట్లో డిజిటల్ వాయిద్యంలో టెంపరమెంట్ మార్చే వీలుంటే ఒకసారి మార్చి వినండి.

సాధనకి నేను సూచించే వరుస: మొదట పెడల్, దానిమీద గొంతుతో పాట. తర్వాత పెడల్, కుడి చేయి. తర్వాత పెడల్, ఎడమ చేయి. ఇది అన్నిటికన్నా ఎక్కువ రోజులు తీసుకుంటుంది, తీసుకోనివ్వండి. రెండు చేతులు మాత్రమే కలిపి వాయించడం చివర్లో, అది కూడా తక్కువ. పెడల్ లేకుండా రెండు చేతులు ముందుగా స్థిరపడిపోతే తర్వాత పెడల్ చేర్చగానే ఎడమ చేయి పెడల్ వెంట పరిగెత్తుతుంది. కీబోర్డు నుంచి వచ్చిన ప్రతివారికీ ఎదురయ్యే ఇబ్బంది ఇది, ఎందుకంటే ఎడమ చేయే బాస్ అని ఏళ్ల తరబడి దానికి నేర్పాం.

వేళ్ల నంబర్లు మీ స్కోరులో టైపు చేయకండి, పెన్సిల్‌తోనే ఉంచండి. అవి నెల నెలా మారతాయి. ముక్క ఒక దారికి వచ్చాక ఫోన్‌ని కన్సోల్ మీద కాకుండా చర్చి మధ్య బెంచీ మీద పెట్టి రికార్డ్ చేయండి. ఆ రికార్డింగ్ వింటూ, చేతిలో మీ స్కోరు కాకుండా ఆ తొమ్మిది పంక్తుల మాటలు పట్టుకొని, ఏ పంక్తి ఎక్కడ అయిపోయిందో మాటల మీద వేలు పెట్టి అనుసరించగలరేమో చూడండి. వేలు తప్పిన చోట స్కోరులో మీ చుక్కల స్లర్‌ని, ఊపిరి గుర్తుని మళ్లీ చూసి మార్చండి. ఆ ఫైలు, మీ స్కోరు పీడీఎఫ్ ఇక్కడే పెట్టండి, బార్ బార్‌గా చూసి చెప్తాను.